ఎవరి నోట ఏ పాత్ర

నాటకాన్ని ఒక్కరూ కూర్చుని మనసులో చదువుకోవడం పెళ్లి భోజనాన్ని క్యారియరులో ఇంటికి తెచ్చుకుని తినడం లాంటిది. వంటకాలన్నీ ఉంటాయి, పంక్తి ఉండదు. మా బరంపురంలో పదకొండు మందిమి కలిసి కన్యాశుల్కాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివాము. తొమ్మిది ఆదివారాలు పట్టింది. అందులో నాకు తెలిసివచ్చిన సంగతి ఒకటి ఈ పత్రిక పాఠకులతో చెప్పుకోవాలనిపించింది. మీలో చాలామంది ఊళ్లు కూడా మా ఊరి వంటివే కదా. తెలుగువాళ్లు ఉంటారు గాని తెలుగు నాటకం ఆడటానికి కావలసినంత మంది దొరకరు.

బరంపురం 1936 మార్చి ఆఖరు దాకా మద్రాసు రాజధానిలో ఉండేది. ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది. మా తాతలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. దక్షిణానికి పోయే రైలెక్కితే ఇచ్ఛాపురంతో ఆంధ్ర మొదలవుతుంది. అంత దగ్గర. కాని బడి మారితే అక్షరం మారుతుంది. మా తరంలో కొందరం ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర తెలుగు రాయడం, చదవడం నేర్చుకున్నాం. మా తర్వాతివాళ్లు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నారు. తెలుగు వాళ్ల చెవిలో ఉంది, నోట్లో ఉంది, కంటికి మాత్రం అందలేదు.

మా చదువు ఒక రిటైర్డు లెక్కల మేష్టారి వరండాలో జరుగుతుంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి మొదలు. ఇంతకు ముందు కథలు చదివేవాళ్లం. "కథయితే ఒకడు చదువుతాడు, పదిమంది కునికిపాట్లు పడతారు. నాటకమయితే తన వంతు ఎప్పుడొస్తుందోనని ప్రతివాడూ మెలకువగా ఉంటాడు" అన్నారు మేష్టారు. నాటకం అనేసరికి అందరి నోటా ఒకే పేరు వచ్చింది.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ అప్పారావుగారు దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో మళ్లీ వేశారు. మనం ఇప్పుడు చదువుతున్నది ఆ రెండోదే. ఏడు అంకాలు. ఉన్నది ఉన్నట్టు ఆడాలంటే ఒక రాత్రి చాలదు గనక, ఆడినవాళ్లందరూ ఎక్కడో ఒకచోట కత్తెర వేసినవాళ్లే. 1955లో వచ్చిన సినిమా సంగతి సరేసరి. నాటకం మొత్తాన్ని వినాలంటే పైకి చదువుకోవడమే దారి. చదువుకి కత్తెర అక్కర్లేదు. ఈ వారం ఆపిన చోట కాగితం ముక్క పెట్టుకుని, వచ్చే వారం అక్కడే ఎత్తుకోవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. అది విజయనగరం వైపు మాట. మా ఊరి మాటకి దగ్గర చుట్టం. హైదరాబాదు, విజయవాడ వెళ్లిన మా పిల్లలు తిరిగొచ్చి "మన తెలుగు విని నవ్వారు" అని చెప్పడం మాకు అలవాటే. మన మాట పుస్తకాలకు పనికిరాదన్న ఒక నమ్మకం మాలో చిన్నప్పటినుంచీ నాటుకుపోయింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు గురజాడకు విజయనగరంలో సహాధ్యాయి. ఆయన పంతులుగా పనిచేసినది మా దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడిలో. ఆ ఊరు 1936లో ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన దాన్ని విడిచి రాజమండ్రి చేరారు. తెలుగువాళ్లు నోటితో మాట్లాడే మాటనే కాగితం మీద పెట్టాలన్న వాదం అంతగా పెరిగినది మాకు ఇంత దగ్గరలో. మరి మనకెందుకు బెరుకు అని మేష్టారు అడిగారు.

మొదటి ఆదివారం అంకం మొదలుపెట్టలేదు. గురజాడ మొదటి ముద్రణకు ఇంగ్లీషులో రాసిన పీఠికను మేష్టారు తెలుగులో చెప్పారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి విజయనగరం మహారాజావారు తయారు చేయించారట. అది పూర్తి జాబితా కాదు. అయినా 1034 పెళ్లిళ్లు లెక్కకొచ్చాయి. ఏడాదికి సగటున 344. అందులో పెళ్లినాటికి అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. తల్లి కడుపులో ఉన్న బిడ్డలకు కూడా బేరాలు జరిగేవని ఆయన రాశారు.

నేను కామర్సు చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. అంకెలు కనబడితే కూడి చూడటం నాకు అలవాటు. కూడితే 188 వచ్చింది. అయిదేళ్లు, అంతకన్న తక్కువ వయసు పిల్లలు 188 మంది. ఆ మాటే పైకి అన్నాను. అప్పుడు మాలో అందరికన్న పెద్దవారు, డెబ్భై ఎనిమిదేళ్ల పిన్నిగారు, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని "మా మామ్మకి పెళ్లినాటికి అయిదేళ్లే. తలంబ్రాల బియ్యం గుప్పిట్లో పట్టలేదని చెప్పుకునేది" అన్నారు. ఎవరమూ మాట్లాడలేదు. ఒక్కణ్ణీ ఇంట్లో కూర్చుని చదివి ఉంటే ఆ 99 నాకు 99గానే ఉండిపోయేది.

రెండో ఆదివారం పాత్రలు పంచారు. పంచినది మేష్టారే. రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన ఒకాయనకు ఇంగ్లీషు ధారాళంగా వస్తుంది గనక గిరీశం. "బ్యాంకువాడివి, డబ్బు పట్టుకోవడం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు" అని నాకు లుబ్ధావధాన్లు. ఎన్నడూ గొంతు పెంచి ఎరగని హోమియో డాక్టరుగారికి అగ్నిహోత్రావధాన్లు. మధురవాణి దగ్గర బండి ఆగింది.

వచ్చేవాళ్లలో ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు. గొంతులు బాగుంటాయి. వాళ్లలో ఒకరి చేత చదివిద్దామంటే పట్టుచీరల దుకాణం ఆయన "పెళ్లి కావలసిన పిల్లల చేత వేశ్య మాటలు చదివిస్తామా? రేపు నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అన్నారు. ఆయన చెడ్డవారేమీ కారు. ఆయనకీ ఆడపిల్లలు ఉన్నారు, ఊరు చిన్నది. పిల్లలిద్దరూ తల వంచుకున్నారు. ఇంతలో పిన్నిగారు "ఇలా తే పుస్తకం. నేను చదువుతాను. నాకింక సంబంధాలు చెడే భయం లేదు" అన్నారు.

వరండా అంతా నవ్వింది. ఆవిడ చదవడం మొదలుపెట్టాక అయిదు నిమిషాలకు ఆ నవ్వు ఏమయిందో తెలియదు. ముందు పళ్లు రెండు లేవు. గొంతులో వణుకు ఉంది. అయినా రామప్పంతుల్ని ఆటపట్టిస్తున్న మధురవాణి మా ఎదట కూర్చున్నట్టే ఉంది. ఆవిడకు తెలిసినంత మనుషుల పోకడ ఆ కాలేజీ పిల్లలకు ఇంకా తెలియదు కదా. స్థానం నరసింహారావుగారి వంటి మగవారు ఆడవేషాలు వేసి జేజేలు కొట్టించుకున్న నాటకరంగం మనది. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని బళ్లారి రాఘవగారు పట్టుబట్టిన నాటకరంగమూ ఇదే. రెండు పక్షాలవారికీ రంగస్థలం మీద వయసు కావాలి, రూపు కావాలి. వరండా మీద అవేవీ అక్కర్లేదు. గొంతూ, పుస్తకమూ ఉంటే చాలు.

పుస్తకం దగ్గరే మరో చిక్కు వచ్చింది. మా పదకొండుమందిలో నలుగురికి తెలుగు అక్షరాలు రావు. కాలేజీ పిల్లలిద్దరూ, సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసే ఒక కుర్రాడూ, కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలుపిల్లా. ఆ పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ చదువుతూంటే విని, తమ వంతు మాటల్ని ఒడియా లిపిలో నోటుబుక్కులోకి ఎక్కించింది. మేష్టారికి అది సుతరామూ నచ్చలేదు. "ఊతకర్ర ఇస్తే కాళ్లు ఎప్పటికీ రావు" అని ఆయన వాదన. ఊతకర్ర లేకపోతే వరండా మెట్లే ఎక్కరు కదా అని నా వాదన. అప్పు చేయకుండా వ్యాపారం మొదలుపెట్టినవాణ్ణి నా ఉద్యోగంలో నేను అరుదుగా చూశాను. ఒడియా అక్షరాలు అలాంటి అప్పే అనుకోండి. తీర్చడం, తీర్చకపోవడం తర్వాతి మాట.

ఆ నోటుబుక్కు చదువు మొదట్లో తమాషాగా ఉండేది. ఒడియాలో ఎకార ఏకారాలకు వేర్వేరు గుర్తులు లేవు. ఒకార ఓకారాలకూ లేవు. 'మెడ', 'మేడ' ఒక్కలాగే రాయాలి. అకారాన్ని వాళ్లు ఇంచుమించు ఒకారంగా పలుకుతారు. వకారాన్ని చాలా చోట్ల బకారంతోనే రాస్తారు. అందుచేత వెంకటేశం ఒక పూటంతా బెంకటేశం అయ్యాడు, మధురవాణి మొధురొబాణి అయింది. ఆ అమ్మాయి మర్నాటికే ఉపాయం కనిపెట్టింది. దీర్ఘం కావలసిన చోటల్లా పైన ఎర్రసిరాతో గీత పెట్టింది. 'వ' పలకాల్సిన చోట కింద చుక్క. మూడో వారానికి మా కంటె వాళ్లే తడుముకోకుండా చదివారు. మాట వాళ్ల నోట్లో ముందే ఉంది గనక గుర్తు కనబడగానే అదే బయటికొచ్చింది.

అసలు సంగతి అయిదో ఆదివారం జరిగింది. సెల్‌ఫోన్ల దుకాణం కుర్రాడిది పట్టు నేసే కుటుంబం. మగ్గం ఆగిపోయి కొన్నేళ్లయింది. పాత్రలు పంచినప్పుడు లుబ్ధావధాన్లు ఇంటి నౌకరు అసిరిగాడి వేషం మేష్టారు అతనికిచ్చారు. ఇంకెవరికి ఇచ్చినా అతికేది కాదని అందరమూ అనుకున్నాం. నిజంగానే అతను చదువుతూంటే ఆ పేజీలకు ప్రాణం వచ్చింది. మేమంతా భేష్ అన్నాం. ఆ వేళ చదువు అయ్యాక అందరూ ముఢీ మిక్చరు తింటూంటే అతను ప్లేటు పక్కన పెట్టి మెల్లిగా అడిగాడు.

"మేష్టారూ, నా మాట ఇలగ ఉంటాది గనక అసిరిగాడా నాకు? పంతుళ్ల మాట నాను సదవకూడదా?"

మేష్టారు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. గురజాడ ఎవరి మాట వాళ్లకిచ్చారు. అవధాన్లకు అవధాన్ల మాట, నౌకరుకు నౌకరు మాట. రాసేవాడు అలా ఇవ్వాల్సిందే, అదే ఆయన గొప్ప. కాని ఏ మాట పలికేవాడికి ఆ పాత్రే అని పంచితే, ఊళ్లో ఉన్న మెట్లే వరండా మీదా కట్టినట్టవుతుంది. హైదరాబాదులో మా పిల్లల మాట విని నవ్వినవాళ్ల లెక్కా అటువంటిదే. ఫలానా యాస విన్నాం, ఫలానా మనిషి అని తేల్చేసుకోవడం.

"చీట్లు వేద్దాం" అన్నారు మేష్టారు చివరికి. మిగిలిన అంకాలకు ప్రతివారం చీట్లే. ఎవరి చేతికి ఏ పేరొస్తే ఆ పాత్ర చదవాలి. మార్చుకోవడం లేదు.

అప్పటినుంచీ మా చదువు రంగే మారిపోయింది. కోడలుపిల్లకు రామప్పంతులు వచ్చాడు. అత్తగారు పక్కనే కూర్చుని ఉండగా ఆ డాంబికమంతా పలికించి, తలెత్తి చూసి నవ్వేసింది. పట్టుచీరల దుకాణం ఆయనకు బుచ్చమ్మ వచ్చింది. ఆడపిల్లల గురించి అంత బెంగ పడిన మనిషి, ఆ వితంతు పిల్ల అమాయకంగా గిరీశం మాటలు నమ్మే చోట గొంతు పూడుకుపోయి మంచినీళ్లడిగారు. ఒక వారం నాకు అసిరిగాడు పడ్డాడు. నా నోట ఆ మాట అరువు తెచ్చుకున్న చొక్కాలా వేలాడింది. నేత కుర్రాడు నా పక్కకు జరిగి "అలగ కాదు బాబూ, కొంచెం సాగదీసి విడవాల" అని రెండు మూడు సార్లు పలికి చూపించాడు. ముప్పై ఏళ్లు కౌంటరు ఇవతల నిలబడినవాళ్ల నోట ఆ మాట విన్నవాణ్ణి. దాన్ని నా నాలుక మీద పెట్టుకోవలసి రావడం అదే మొదలు. వినడం సుళువు, పలకడం కాదు. ఆ మాటకూ ఒక కొలత ఉంది, ఒక విరుపు ఉంది. అది చెడిపోయిన తెలుగు కాదు, నేర్చుకోవలసిన తెలుగు.

చివరి అంకంలో సౌజన్యారావు పంతులు వేషం చీటీ ఆ కుర్రాడికే వచ్చింది. విశాఖపట్నం వకీలు, సంస్కారి, పెద్దమనిషి. కుర్రాడు నోటుబుక్కు తెరిచి తన మాటలోనే చదివాడు. 'చెప్పండి' వచ్చిన చోట అతని నోట 'సెప్పండి' అని వచ్చింది. డాక్టరుగారు దిద్దబోయారు. పిన్నిగారు చెయ్యెత్తి ఆపారు. "ఉండవయ్యా. ఆ కాలపు వకీలు ఎలా మాట్లాడేవాడో నువ్వు విన్నావా, నేను విన్నానా?" అన్నారు. డాక్టరుగారు ఆగిపోయారు. కాసేపటికి మేమెవరమూ ఆ సకారం గమనించలేదు. బుచ్చమ్మను చదువుకోసం పూనాలోని వితంతువుల హోముకు పంపే ఏర్పాటు గురించి సౌజన్యారావు చెప్పే చోట, ఒక మంచిమనిషి ఒక పిల్ల మేలు కోరి మాట్లాడుతున్నాడు, అంతే మాకు వినబడింది. ఆ మంచితనానికి ఫలానా యాస అని రాసిపెట్టి లేదు.

ఇదీ నేను చెప్పదలచుకున్నది. తెలుగునాడు నడిబొడ్డున ఉన్నవాళ్లకు ఈ చిక్కు అంతగా పట్టకపోవచ్చు. అక్కడ అసిరికి అసిరి వంటివాడు, పంతులుకు పంతులు వంటివాడు వెతికితే దొరుకుతారు. సరిహద్దు మీద ఉన్న మనం ఉన్న పదకొండుమందితోనే అందరమూ కావాలి. పళ్లూడిన మామ్మ మధురవాణి కావాలి, నేత కుర్రాడు వకీలు కావాలి, బ్యాంకు ఆఫీసరు నౌకరు కావాలి. దాన్ని కొరత అనుకునేవాళ్లం. తీరా చూస్తే, ఒకళ్ల మాట ఒకళ్లం పలకాల్సి రావడం వల్లనే ఒకళ్లనొకళ్లం సరిగా విన్నాం. ఎవరి తెలుగు శుద్ధం అన్న తగువు తొమ్మిదో ఆదివారానికి మా మధ్య మిగల్లేదు. గెలిచి పోలేదు, ఓడి పోలేదు, చీట్లలో కలిసిపోయింది.

ఇక మేష్టారి ఊతకర్ర వాదం సంగతి. లెక్క చెప్పడం నా వృత్తి గనక ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఒడియా లిపిలో చదివిన నలుగురిలో ఇద్దరు, నోటుబుక్కు రాసిన అమ్మాయీ కోడలుపిల్లా, నాటకం పూర్తయ్యేసరికి తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నారు. మూడో పిల్ల పరీక్షలని మానేసింది, మళ్లీ రాలేదు. నేత కుర్రాడు ఇప్పటికీ ఒడియా లిపిలోనే చదువుతాడు. "నాకిది బేగి అవుతాది బాబూ" అంటాడు. మేష్టారు ఇది తన గెలుపు అంటారు, నేను నాది అంటాను. నలుగురిలో ఇద్దరి బాకీ వసూలయిందంటే మా బ్యాంకులో ఒప్పుకోరు గాని, అసలు ఎవరూ అప్పే అడగని ఊళ్లో ఇది తక్కువ వసూలు కాదు.

హోసూరులోనో, బళ్లారిలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఉన్న మీరు ఇటువంటిది మొదలుపెట్టాలనుకుంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. ఆరేడుగురు మనుషులు చాలు. పుస్తకాలు రెండున్నా సర్దుకోవచ్చు. అక్షరాలు రానివాళ్లకు తమిళంలోనో, కన్నడంలోనో, నాగరిలోనో రాసి ఇవ్వండి. కన్నడంలో అయితే మా ఎర్రసిరా గీతల బాధ కూడా ఉండదు. పాత్రలు మాత్రం పంచకండి, చీట్లు వేయండి.

ఇప్పుడు మేము కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయం ఎత్తుకున్నాం. కన్యాశుల్కంలో పిల్లకు వెలకట్టినవాళ్లే, కాలం తిరిగేసరికి పిల్లవాడికి కట్టారు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిందన్న మాటే గాని, కూతురి పెళ్లి అని అప్పుకు దరఖాస్తు పెట్టే తండ్రి ఆ డబ్బులో ఎంత భోజనాలకో, ఎంత కట్నానికో కాగితం మీద రాయడు. నేను అడగను. ఆ నాటకం మా వరండా మీద మరికొన్ని నోళ్లు తెరిపిస్తుందని నా ఆశ. చిక్కల్లా ఒకటే. అందులో పద్యాలున్నాయి. పద్యం పాడగలిగిన గొంతు మా ఊళ్లో ఇప్పుడు ఎవరికుందో తెలియదు. మొదటి పద్యం చీటీ వచ్చే ఆదివారం తీస్తాం.